డాక్టర్ గారూ, ఈ ఆపరేషన్ మీరెక్కడ నేర్చుకున్నారు?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మకు 61 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి, మనిషి లావు. ముట్లు ఆగిపోయిన చాలా ఏళ్లకు ఈ మధ్య మళ్లీ బ్లీడింగ్ కనిపించింది. కొత్తపేటలో చూపిస్తే ముక్క పరీక్ష చేయించి, గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ అన్నారు. ఎంఆర్ఐలో గర్భసంచి దాటి పోలేదని వచ్చింది. విజయవాడ పంపితే అక్కడి డాక్టరు గారు రోబోతో ఆపరేషన్ చేస్తానన్నారు. ఆయనకు నలభై ఏళ్లు కూడా ఉండవు. మా నాన్న "మనిషిని మిషన్ చేతికి అప్పజెప్పడమేంటి, పొట్ట కోసే చేయమనండి" అంటున్నారు. తమ్ముడు హైదరాబాద్ తీసుకెళ్దామంటున్నాడు. నాకు ఒకటే అనుమానం. డాక్టర్లు ఈ పద్ధతి ఎక్కడ, ఎలా నేర్చుకుంటారు? మా అమ్మ మీదే నేర్చుకుంటున్నారేమో? ఈ మాట అడిగితే ఆయన తప్పుగా అనుకుంటారా?
(పేరు రాయవద్దన్నారు), గుంటూరు

సమాధానం: అమ్మా, చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. అడగండి, తప్పేమీ లేదు. ఆడవాళ్ల క్యాన్సర్ ఆపరేషన్లు చేస్తూ, చిన్న డాక్టర్లకు నేర్పుతూ ఉన్నదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. శ్రద్ధగా నేర్చుకున్నవాళ్లకు ఆ ప్రశ్న అంటే భయం ఉండదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎన్నాళ్లు నేర్చుకున్నారో తడుముకోకుండా చెబుతారు. విసుక్కుంటే మాత్రం ఇంకో డాక్టరుకు చూపించుకోవడానికి వెనకాడకండి.

నాన్నగారి భయం కూడా తీసిపారేసేది కాదు. రోబో అన్న పేరు వినగానే మిషన్ తనంతట తాను కోసేస్తుందని చాలామంది అనుకుంటారు. దానికి సొంత తెలివి లేదు. పొట్ట మీద దాదాపు 8 మిల్లీమీటర్ల గాట్లు నాలుగైదు పెట్టి, వాటిలోంచి కెమెరాను, పనిముట్లను లోపలికి పంపుతారు. వాటిని రోబో చేతులకు తగిలిస్తారు. డాక్టరు అదే థియేటర్లో కొన్ని అడుగుల దూరంలో కన్సోల్ ముందు, అంటే రోబోను నడిపే తెర, మీటలు ఉన్న బల్ల ముందు, కూర్చుంటారు. ఆయన వేళ్లు, మణికట్టు ఎటు తిరిగితే లోపల పనిముట్ల కొసలు అటు తిరుగుతాయి. డావిన్చీ మిషన్‌లోనైతే ఆయన తల పక్కకు తీస్తే చాలు, పనిముట్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఎక్కువ దేశాల్లో వాడుతున్న ఆ మిషన్‌కు అమెరికాలో మందులు, వైద్య పరికరాలను పరిశీలించే ఎఫ్‌డీఏ 2000లో అనుమతి ఇచ్చింది, గర్భసంచి ఆపరేషన్లకు 2005లో ఇచ్చింది. ఇప్పుడు మన దేశంలో తయారైన ఎస్ఎస్ఐ మంత్ర కూడా కొన్ని ఆస్పత్రుల్లో ఉంది. మిషన్ ఏదైనా, చేసేది డాక్టరే. అందుకే మీ అనుమానం సరైన చోటే ఉంది. మిషన్ గురించి కాకుండా మనిషి గురించి అడుగుతున్నారు.

ఎలా నేర్చుకుంటారన్నది చెప్పేముందు, అమ్మ జబ్బుకు ఈ దారి సరైనదేనా అన్నది చూడాలి. గర్భసంచి లోపలి పొరలో వచ్చే క్యాన్సర్, తొలి దశలో ఉంటే, పొట్ట కోయకుండా చిన్న గాట్లతో తీసినా ఫలితం తగ్గదు. అమెరికాలో 2,616 మందిని తీసుకుని కొందరికి పొట్ట కోసి, కొందరికి ల్యాపరోస్కోపీతో (చిన్న గాట్లలోంచి కెమెరా పంపి, రోబో లేకుండా డాక్టరే పనిముట్లు పట్టుకుని చేసే పద్ధతి) చేసి చూశారు. ఐదేళ్ల తర్వాత రెండు గుంపుల్లోనూ బతికున్నవాళ్లు 89.8 శాతం. 2017లో వచ్చిన మరో పెద్ద పరీక్షలోనూ, అందులో 760 మంది ఉన్నారు, జబ్బు తిరగబెట్టడంలో తేడా కనపడలేదు. గమనించండి, ఈ రెండూ మామూలు ల్యాపరోస్కోపీ మీద చేసినవి. రోబో కూడా అదే కోవలోది కాబట్టి ఆ ధైర్యంతోనే ముందుకు వెళుతున్నాం. ఈ సంగతి డబ్బు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

అదే గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ అయితే నా మాట వేరుగా ఉండేది. 2018లో 631 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. నాలుగున్నరేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు, పొట్ట కోసి చేసినవాళ్లలో 96.5 శాతం, చిన్న గాట్లతో చేసినవాళ్లలో 86 శాతం. అందులో పాల్గొన్న డాక్టర్లు చెయ్యి తిరగనివాళ్లు కాదు. అంతకుముందు చేసిన పది ఆపరేషన్ల ఫలితాలు, కత్తిరింపులు లేని రెండు వీడియోలు చూపించాకే ఆస్పత్రులను చేర్చుకున్నారు. అయినా అలా వచ్చింది. ఆ దెబ్బకు మాలో చాలామందిమి ముఖద్వారం క్యాన్సర్‌కు మళ్లీ పొట్ట కోసే పద్ధతికే వచ్చేశాం. ముదిరిన అండాశయ క్యాన్సర్‌కూ అంతే, పొట్ట తెరిచి మూలమూలా చూడాల్సిందే. రోబో ఎప్పుడు వాడకూడదో తెలిసి ఉండటం కూడా నేర్పులో భాగమే. మీ డాక్టరు గారిని "ఎలాంటి పేషెంట్లకు మీరు రోబో వద్దంటారు?" అని అడగండి. అందరికీ బాగుంటుందనే జవాబు వస్తే నాకైతే నచ్చదు.

ఇక నేర్చుకోవడం సంగతి. ముందు క్యాన్సర్ సర్జన్ కావాలి, ఆ తర్వాతే రోబో సర్జన్. ఎంబీబీఎస్, ఎంఎస్ అయ్యాక ఎంసీహెచ్, డీఆర్ఎన్‌బీ లాంటి పై చదువు గానీ, మంచి ఫెలోషిప్ (పెద్ద డాక్టర్ల దగ్గర ప్రత్యేక శిక్షణ) గానీ చేసి, ఏ క్యాన్సర్‌కు ఎంత తీయాలి, ఎక్కడ ఆపాలి అన్నది కొన్నేళ్లు పొట్ట తెరిచి నేర్చుకుంటారు. గడ్డల కోసం, పిల్లల కోసం గర్భసంచి ఆపరేషన్లు రోబోతో బాగా చేసే డాక్టర్లు ఉన్నారు. వాళ్ల పనితనం మీద నాకు గౌరవమే. కానీ అమ్మది క్యాన్సర్. గర్భసంచిని ముక్కలు చేయకుండా, అవసరమైతే సంచిలో పెట్టి, యోని దారిలో నిండుగా తీయాలి. క్యాన్సర్ పాకే లింఫ్ గ్రంథులు ఎక్కడ వెతకాలో తెలియాలి. ఆ చదువు ఉన్నవాళ్లే చేయాలి.

రోబో చేతబట్టే మొదటి చోటు సిమ్యులేటర్. తెర మీద రింగులు ఒక కొక్కెం నుంచి ఇంకో కొక్కేనికి మార్చడం, సూదిని సరైన కోణంలో గుచ్చి లాగడం, కెమెరాను కాలితో, చేత్తో కలిపి తిప్పడం. చూడటానికి వీడియో గేమ్‌లా ఉంటుంది గానీ మార్కులు కఠినంగా ఉంటాయి. పనిముట్టు ఒకదానికొకటి ఎన్నిసార్లు తగిలింది, చూపు పరిధి దాటి ఎన్నిసార్లు పోయింది, ఎంత బలం వాడారు, అన్నీ లెక్క కడుతుంది. ఇన్ని గంటలు కూర్చున్నారన్నది ముఖ్యం కాదు. పెట్టిన మార్కు దాటేదాకా పేషెంటు దగ్గరికి పంపకూడదు. మంచి కేంద్రాలు ఈ నియమాన్నే పాటిస్తాయి.

ఇక్కడే ఒక కష్టం ఎదురవుతుంది. పొట్ట తెరిచి చేసేటప్పుడు మా వేళ్లే మాకు సగం చెబుతాయి, ఇది మెత్తగా ఉంది, ఇది గట్టిగా ఉంది, ఇంకా లాగితే తెగుతుంది అని. ఇటీవల వచ్చిన ఒకటి రెండు మోడళ్లను పక్కన పెడితే, రోబోలో ఆ స్పర్శ అందదు. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతిలో కుట్టు దారం పుటుక్కున తెగిపోతూ ఉంటుంది, ఎందుకంటే ఎంత గట్టిగా లాగుతున్నారో వాళ్లకు తెలియదు. కొన్నాళ్లకు కన్ను ఆ పని అందుకుంటుంది. దారం బిగుసుకునేటప్పుడు కణజాలం రంగు పాలిపోతుంది. పొర సాగి అద్దంలా మెరుస్తుంది. పెద్దగా, లోతుతో కనిపించే ఆ బొమ్మలో ఇవన్నీ చూసి చేతిని ఆపడం అలవాటవుతుంది. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. నా దగ్గర నేర్చుకునే పిల్లలు ఒకరోజు దారం తెగకుండా వరసగా కుట్లన్నీ వేసేస్తే, వాళ్లకంటే నాకే ఎక్కువ సంతోషం.

ఆ తర్వాత కన్సోల్ కాదు, పేషెంటు పక్కన నిలబడటం. గాట్లు ఏ దూరంలో పెడితే రోబో చేతులు ఒకదాన్నొకటి గుద్దుకోవు, వాటిని ఎలా తగిలించాలి, పనిముట్లు ఎలా మార్చాలి, రక్తం వస్తే సక్షన్ ఎక్కడ పెట్టాలి, ఇదంతా అక్కడే వస్తుంది. ఇంకొకటి కూడా సాధన చేయిస్తాం. లోపల పెద్ద రక్తనాళం తెగితే రోబో చేతులన్నీ విప్పి, బండిని వెనక్కి లాగి, పొట్ట తెరవాలి. ఎవరు ఏ చెయ్యి విప్పుతారు, ఎవరు కత్తి అందిస్తారు అన్నది ముందే అనుకుని ఉండాలి. ఆ క్షణంలో మాట్లాడుకునే టైం ఉండదు. ఇది డాక్టరు ఒక్కరి నేర్పు కాదు, సిస్టర్లు, టెక్నీషియన్లు, మత్తు డాక్టరు అందరిదీ. వారానికో కొత్త సిస్టర్ వచ్చే థియేటర్లో ఎంత మంచి సర్జన్ అయినా ఇబ్బంది పడతాడు.

కన్సోల్ మీద కూర్చున్నాక కూడా మొత్తం ఆపరేషన్ ఒకేసారి చేతికివ్వరు. ముందు చివరి మెట్టు, గర్భసంచి తీశాక యోని పైభాగం కుట్టడం. ఆ తర్వాత మూత్రాశయాన్ని గర్భసంచి మీద నుంచి కిందికి దించడం. ఆ తర్వాత గర్భసంచి ధమని. గ్రంథులు తీయడం ఇంకా తర్వాత, నడుము దగ్గర పెద్ద రక్తనాళాల పక్కన ఉండేవి అన్నిటికంటే చివర. కొన్ని చోట్ల రెండు కన్సోళ్లు ఉంటాయి, పక్క కన్సోల్‌లో గురువు కూర్చుని ఏ క్షణంలోనైనా పనిముట్లను తన అధీనంలోకి తీసుకోగలరు. ఒకటే కన్సోల్ ఉన్నచోట గురువు పక్కనే నిలబడి ఉంటారు.

ధమని మెట్టు గురించి కాస్త వివరంగా చెబుతాను, నైపుణ్యం అంటే ఏమిటో అక్కడ కనిపిస్తుంది కాబట్టి. మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వెళ్లే సన్నని గొట్టం, మూత్రనాళం, గర్భసంచి ముఖద్వారానికి పక్కన ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలోనే పోతుంది. దాని మీదుగా గర్భసంచి ధమని దాటుతుంది. బెజవాడలో ఏలూరు కాలువ మీద వంతెన ఎలా ఉంటుందో అలా, పైన ధమని, కింద నీళ్లు మోసే నాళం. మేం కోయాల్సింది వంతెనను, కాపాడాల్సింది కాలువను. పనిముట్టుతో మెల్లగా తాకితే మూత్రనాళం వానపాములా ఒక్కసారి ముడుచుకుని కదులుతుంది. ధమని కొట్టుకుంటుంది, అలా ముడుచుకోదు. నేర్చుకునేవాళ్లు ఆ కదలిక కళ్లారా చూసి "అదిగో" అని చెప్పేదాకా కరెంటు వేడితో కోసే పనిముట్టు పెడల్ మీద కాలు పెట్టనివ్వను. వేడి కూడా పక్కకు పాకుతుంది, తాకకపోయినా దెబ్బ తగలొచ్చు. అలా తగిలిన దెబ్బ కొన్ని రోజుల తర్వాత మూత్రం కారడంగా బయటపడుతుంది. తొందరగా చేయడం గొప్ప కాదు. ఆ ఒక్క చోట ఆగి, చూసి, వేలెడు దూరం పక్కకు నెట్టి, అప్పుడు కోయడం గొప్ప.

అమ్మ విషయంలో ఇంకో నేర్పు కూడా అవసరం పడొచ్చు. క్యాన్సర్ మొదట పాకే గ్రంథిని కనిపెట్టడానికి, ముఖద్వారంలో గడియారం 3, 9 అంకెలుండే చోట్ల ఐసీజీ అనే రంగు మందు ఎక్కిస్తారు. రోబో కెమెరాను మార్చి చూస్తే లింఫ్ దారులు పచ్చగా వెలుగుతాయి. ఆ దారి వెంట పోయి మొదటి గ్రంథిని పట్టుకోవాలి. 2017లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, దారి దొరికినవాళ్లలో గ్రంథులకు పాకిన జబ్బును ఈ పద్ధతి 97 శాతం పట్టుకుంది. కానీ 14 శాతం మందిలో ఏ వైపూ దారి దొరకలేదు. చెయ్యి తిరగనివాళ్లు పచ్చగా ఉబ్బిన లింఫ్ దారినే గ్రంథి అనుకుని తీస్తారు, పాథాలజీలో చూస్తే ఉత్త కొవ్వు. ఒక వైపు దొరక్కపోతే ఆ వైపు గ్రంథులు పూర్తిగా తీయాలా వద్దా అన్న నిర్ణయం కూడా సర్జన్‌దే. "గ్రంథి దొరక్కపోతే ఏం చేస్తారు?" అని అడిగితే జవాబులోనే చాలా తెలిసిపోతుంది.

ఎన్ని చేస్తే చేయి తిరుగుతుంది అన్నది అందరూ అడిగేదే. గర్భసంచి క్యాన్సర్ మీద వచ్చిన కొన్ని అధ్యయనాల్లో 20, 24 కేసులకే ఆపరేషన్ టైం నిలకడగా వచ్చిందన్నారు. 2013లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు రోబోతో గర్భసంచి తీసే ఆపరేషన్లలో టైంతో పాటు ఇబ్బందులు కూడా కలిపి చూస్తే దాదాపు 91 కేసులు పట్టిందన్నారు. ఇంత తేడా ఎందుకంటే, ఒకరు గడియారాన్ని కొలిచారు, ఇంకొకరు పేషెంటుకు ఏమైందన్నది కొలిచారు. నేను రెండోదాన్నే నమ్ముతాను. ఇంతకుముందు ల్యాపరోస్కోపీ బాగా చేసినవాళ్లకు తక్కువ పడతాయి, లేనివాళ్లకు ఎక్కువ. సన్నటి మనిషికి చేయగలిగినవాళ్లు లావుగా ఉన్నవాళ్లకూ అంతే సులువుగా చేస్తారనీ లేదు. అందుకే ఉట్టి సంఖ్య అడిగి ఊరుకోకండి. "మా అమ్మ లాంటి బరువు, షుగర్ ఉన్న క్యాన్సర్ పేషెంట్లకు ఎంతమందికి చేశారు? మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చింది ఎంతమందికి? చివరిసారి ఎప్పుడు చేశారు?" అని అడగండి. ఆరు నెలలకోసారి చేసేవాళ్ల చెయ్యి మొద్దుబారుతుంది.

మధ్యలో పొట్ట తెరవడం ఓటమి కాదు, నాన్నగారికి ఈ మాట చెప్పండి. నేను పైన చెప్పిన 2,616 మంది పరీక్షలో ల్యాపరోస్కోపీ మొదలుపెట్టినవాళ్లలో నాలుగో వంతు మందికి పొట్ట తెరవాల్సి వచ్చింది, బరువు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. లావుగా ఉన్నవాళ్లలో రోబో బాగా పనికొచ్చేది ఇక్కడే. మందమైన పొట్ట గోడ బరువును డాక్టరు చెయ్యి మోయక్కర్లేదు. పెద్ద కోత మానడం షుగర్ ఉన్నవాళ్లకు ఎంత కష్టమో మీకు తెలుసు. అయితే తల కిందికి ఉండేలా బల్లను బాగా వంచి, పొట్టలో గ్యాస్ నింపి చేస్తారు, ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పడుతుంది. కాబట్టి మత్తు డాక్టరును ఆపరేషన్‌కు ముందు విడిగా కలిసి మాట్లాడండి. ఇది చాలామంది మరిచిపోతారు.

డాక్టరు గారి వయసు చూసి బెంగపడకండి. ఆయన తరం వాళ్లలో కొందరు ఫెలోషిప్ నుంచే సిమ్యులేటర్, కన్సోల్ మీద పెరిగారు. మన దేశంలో వట్టికూటి ఫౌండేషన్ లాంటివి రోబో సర్జరీకి ప్రత్యేకంగా ఫెలోషిప్‌లు ఇస్తున్నాయి. ఆయన ఇంకా తొలి కేసుల్లోనే ఉన్నా అదొక్కటే కారణంగా వద్దనకండి. అప్పుడు అడగాల్సింది, "మా అమ్మ ఆపరేషన్ రోజు మీ పక్కన సీనియర్ ఎవరుంటారు?" అని. పక్కన గురువు ఉండి నేర్చుకోవడం వేరు, ఎవరూ లేకుండా నేర్చుకోవడం వేరు. మొదటిదానికి నేను ఒప్పుకుంటాను, రెండోదానికి ఒప్పుకోను.

డబ్బు సంగతి. ఎన్టీఆర్ వైద్య సేవ, మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటున్నాం, కింద ఆపరేషన్ ఎంతవరకు వస్తుందో, రోబో ఖర్చు అందులో ఉందో లేదో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉంటే, రోబో ఆపరేషన్‌ను పూర్తిగా మినహాయించకూడదని 2019లోనే ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ చెప్పింది. కానీ ఇంతవరకే ఇస్తామని పరిమితి పెట్టుకోవచ్చు, ఆ పరిమితి ఎంతో పాలసీలో చూడండి. ఖర్చు మీ శక్తికి మించితే బంగారం కుదువ పెట్టి రోబోకు వెళ్లనక్కర్లేదు. చెయ్యి తిరిగిన క్యాన్సర్ సర్జన్ మామూలు ల్యాపరోస్కోపీతో చేస్తే సరిపోతుంది. పెద్ద పరీక్షలు జరిగింది దాని మీదే.

తమ్ముడు చెప్పినట్టు హైదరాబాద్‌లో రెండో అభిప్రాయం తీసుకోవాలనుంటే తీసుకోండి, కానీ అందుకోసం నెలలు పోనివ్వకండి. ముక్క పరీక్ష స్లైడ్లు, బ్లాకులు, ఎంఆర్ఐ సీడీ వెంట తీసుకెళ్లండి. మంగళగిరి ఎయిమ్స్‌లో గానీ, గుంటూరు జీజీహెచ్ ఆవరణలోని నాట్కో క్యాన్సర్ సెంటర్‌లో గానీ కూడా చూపించొచ్చు. ఆపరేషన్ అయ్యాక పాథాలజీ రిపోర్టును బట్టి రేడియేషన్ కావాల్సి వస్తే వారాల తరబడి తిరగాలి. అది దగ్గర్లో ఉంటే మీకే సుఖం.

ఒక్కటి మాత్రం నన్ను ఆలోచింపజేసింది. మీ ఉత్తరంలో నాన్నగారి మాట ఉంది, తమ్ముడి మాట ఉంది, మీ అనుమానం ఉంది. అమ్మ ఏమంటున్నారో ఎక్కడా లేదు. ఆవిడకు జబ్బు పేరు చెప్పారా? చెప్పకపోతే చెప్పండి. ఒప్పుకోలు కాగితం మీద సంతకం ఆవిడదే. ఈసారి విజయవాడ వెళ్లినప్పుడు డాక్టరు గారి ముందు కుర్చీలో అమ్మను కూర్చోబెట్టి, ఈ ప్రశ్నల్లో ఒకటి రెండు ఆవిణ్నే అడగనివ్వండి. అంతలోపు షుగర్ అదుపులో పెట్టించండి, మూడు నెలల సగటు పరీక్ష చేయించి ఆ రిపోర్టు కూడా ఫైల్లో పెట్టండి.